శీతాకాలపు సెలవుల విందుకు పిలిచారా? ఇంట్లో తేలిగ్గా చేసుకెళ్లగల తినుబండారాలు, వేడి పానీయాలు

చలి దేశానికి కొత్తగా వచ్చిన వాళ్లకి డిసెంబర్ వచ్చేసరికి ఆఫీసు నుంచో, పక్కింటి నుంచో, పిల్లల స్నేహితుల ఇంటి నుంచో ఒక పిలుపు వస్తుంది. చివర్లో ‘మీకు వీలైతే ఏదో ఒకటి చేసి తీసుకురండి’ అని ఉంటుంది. టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ఏం చేయాలో, అది వాళ్లకి నచ్చుతుందో లేదో తెలియక చాలామంది ఆ రోజు వేరే పని ఉందని చెప్పి తప్పుకుంటారు. దయచేసి అలా చేయకండి. చలికాలంలో ఎవరి తలుపులు వాళ్లు వేసుకుని ఉంటారు. కొత్త ఊళ్లో నలుగురు పరిచయం కావడానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ ఎండాకాలం దాకా దొరకదు. ఒక తీపి, ఒక వేడి పానీయం చేయడం బాగా వస్తే చాలు, ఈ సీజన్ అంతా గడిచిపోతుంది.

ఏం చేయాలో తేల్చుకునేటప్పుడు నేను చూసేవి మూడే. ముందు రోజే చేసి పెట్టుకోగలగాలి. పిలిచిన వాళ్ల ఓవెన్‌తో, స్టవ్‌తో పని ఉండకూడదు, ఎందుకంటే ఆ రోజు వాళ్ల వంటింట్లో మీ గిన్నె పెట్టడానికి కూడా చోటుండదు. ప్లేటు, చెంచా లేకుండా చేత్తో తినగలగాలి. ఎంత రుచిగా ఉన్నా ఈ మూడింటికీ సరిపడని వంటకాన్ని వదిలేయండి. అక్కడికి వెళ్లాక వేడి చేయాల్సినవి, కోయాల్సినవి, క్రీమ్ పూయాల్సినవి ఇంట్లో తినడానికే బాగుంటాయి.

వస్తామని చెప్పేటప్పుడే రెండు ప్రశ్నలు అడిగేయండి: ఎవరికైనా అలర్జీలు ఉన్నాయా? ఇంకెవరైనా తీపి తెస్తున్నారా? అలా అడగడాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు, పైగా సంతోషిస్తారు. పిల్లల స్కూలుకైతే మరీ ముందుగా అడగాలి. ఇంట్లో చేసినవి వద్దని, పదార్థాల పట్టీ ఉన్న సీలు ప్యాకెట్లే తెమ్మని చెప్పే స్కూళ్లు ఉన్నాయి.

కొలతలు, ఓవెన్

కొత్తలో వంట చెడిపోతే తప్పు చేతిది కాదు, ఎక్కువగా కొలతలదే. అమెరికా వంటకాల్లో కప్పు అంటే సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. అమెరికా వంటకాల్లో ఓవెన్ వేడి 350 అని రాస్తే ఫారన్‌హీట్, అంటే సుమారు 177 డిగ్రీల సెల్సియస్. వంటకం ఒక దేశానిది, ఓవెన్ ఇంకో దేశానిది అయితే ఈ తేడా చూసుకోకుండా మొదలుపెట్టకండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌కి రాసినదానికంటే 20 డిగ్రీల సెల్సియస్ తగ్గించి పెట్టాలి. చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కుంటే కప్పుల గొడవే ఉండదు. కింద ఇచ్చిన కొలతలు అందుకే ఎక్కువగా గ్రాముల్లో ఉన్నాయి.

ఓవెన్‌ని అల్మారాలా వాడి పెనాలు, ప్లాస్టిక్ డబ్బాలు లోపల దాచే అలవాటు చాలా ఇళ్లలో ఉంటుంది. ఆన్ చేసే ముందు తలుపు తీసి చూడండి. బేకింగ్‌కి పార్చ్‌మెంట్ పేపర్ వాడాలి. చూడటానికి అలాగే ఉండే వ్యాక్స్ పేపర్ ఓవెన్‌లో పెడితే మైనం కరిగి పొగ వస్తుంది, అది అంటుకునే ప్రమాదం కూడా ఉంది. స్టవ్ మీద పాకం పెట్టేటప్పుడు పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి, లేకపోతే పొగ అలారం మోగుతుంది.

మొదట నేర్చుకోవాల్సింది షార్ట్‌బ్రెడ్

నన్నడిగితే కొత్తవాళ్లు మొదట ఈ వెన్న బిస్కెట్టే నేర్చుకోవాలి. గుడ్డు లేదు, బేకింగ్ పౌడర్ లేదు, పొంగలేదన్న బాధ లేదు. లెక్క కూడా నోటికి వచ్చేదే: తూకంలో పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. 100 గ్రాముల పంచదార, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా తీసుకుంటే 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి సరిపోతుంది, ఇరవై నాలుగు ముక్కలు వస్తాయి. అమెరికాలో వెన్న 113 గ్రాముల కడ్డీలుగా వస్తుంది. రెండు కడ్డీలూ వాడేయాలంటే పంచదార 113, మైదా 340 గ్రాములు తీసుకోండి. ఉప్పు లేని వెన్న అయితే చిటికెడు ఉప్పు మీరే వేయండి, అది లేకపోతే రుచి చప్పగా ఉంటుంది. మైదా కొనేటప్పుడు ‘సెల్ఫ్ రైజింగ్’ అని ఉన్నది తీసుకోకండి. అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది, షార్ట్‌బ్రెడ్ పొంగి కేకులా అయిపోతుంది.

వెన్న బయట పెట్టి, వేలితో నొక్కితే సొట్ట పడేంత మెత్తబడనివ్వండి. కరిగిపోకూడదు. పంచదారతో కలిపి మైదా చల్లి, చేత్తో ముద్ద కట్టేవరకే కలపండి. ఎక్కువసేపు పిసికితే గట్టిపడుతుంది. షార్ట్‌బ్రెడ్ నోట్లో పెట్టుకోగానే పొడిపొడిగా విరగాలి, అందుకే చేయి తేలిగ్గా ఉండాలి. పేపరు పరిచిన ట్రేలో సమంగా అదిమి, ఫోర్కుతో అంతటా గుచ్చండి. 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. పైన అంతా ఎర్రబడే దాకా ఆగకండి. అంచులు లేత బంగారు రంగుకి తిరిగి, మధ్యలో ఇంకా పాలిపోయినట్టు ఉన్నప్పుడే తీసేయాలి. అప్పుడు మెత్తగా అనిపిస్తుంది కానీ చల్లారాక గట్టిపడుతుంది. వేడి మీదే చాకుతో గాట్లు పెట్టుకోవాలి, చల్లారాక కోస్తే ముక్కలు పగిలిపోతాయి. నారింజ తొక్క తురుమో, దంచిన యాలకులో వేస్తే చలికాలానికి తగిన వాసన వస్తుంది. గాలి చొరని డబ్బాలో వారం రోజులు చక్కగా ఉంటుంది.

ఓవెన్ లేకపోయినా

ఓవెన్ పనిచేయని అద్దె ఇల్లయినా, ఒక్క మైక్రోవేవ్ మాత్రమే ఉన్న గదైనా చాక్లెట్ పలకలు చేసుకోవచ్చు. 400 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో మూడొందల గ్రాములు ముక్కలు చేసి, మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద అర నిమిషం చొప్పున పెట్టి, ప్రతిసారీ బయటకి తీసి కలపండి. గిన్నె, గరిటె పూర్తిగా పొడిగా ఉండాలి. కరిగిన చాక్లెట్‌లో ఒక్క నీటి చుక్క పడినా ముద్దకట్టి గరుకుగా అయిపోతుంది. పూర్తిగా కరిగాక, పక్కన పెట్టిన వంద గ్రాములు కొద్దికొద్దిగా వేస్తూ, 31, 32 డిగ్రీలకి చల్లబడే దాకా కలుపుతూ ఉండండి. థర్మామీటర్ లేకపోతే చిన్న చుక్క పెదవికి ఆనించి చూడండి, కొంచెం చల్లగా తగలాలి. ఇలా చేస్తే పలకలు నిగనిగలాడుతూ, విరిచినప్పుడు టక్కుమంటాయి. పేపరు మీద పల్చగా పరిచి, పైన వేయించిన బాదం, పిస్తా, ఎండు క్రాన్‌బెర్రీలు, కాసిని ఉప్పు పలుకులు చల్లండి. గట్టిపడ్డాక చేత్తోనే విరవండి, ఒక్కో ముక్క ఒక్కో ఆకారంలో ఉంటేనే బాగుంటుంది. తర్వాత పైన తెల్లని చారలు కనిపిస్తే అది బూజు కాదు, కోకో వెన్న పైకి తేలడం వల్ల వచ్చేది. తినడానికి ఏ ఇబ్బందీ లేదు.

ఫడ్జ్, అంటే బర్ఫీలాంటి మెత్తని చాక్లెట్ మిఠాయి, ఇంకా తేలిక. 397 గ్రాముల స్వీటెన్డ్ కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా, 400 గ్రాముల డార్క్ చాక్లెట్, 30 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు సన్నని సెగ మీద కరిగించి, పేపరు వేసిన ట్రేలో పోసి, నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి ముక్కలు కోయడమే. జాగ్రత్త పడాల్సింది డబ్బా కొనేటప్పుడే. అదే వరసలో, అలాంటి డబ్బాలోనే ఎవాపరేటెడ్ మిల్క్ కూడా ఉంటుంది. అందులో పంచదార కలిపి ఉండదు, పల్చగా ఉంటుంది. దానితో చేస్తే ఫడ్జ్ గట్టిపడదు.

తీపి మరీ ఎక్కువ ఇష్టపడని వాళ్లకి మసాలా పప్పులు చేయండి. అడుగు మందంగా ఉన్న పెనంలో వంద గ్రాముల పంచదార, 60 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెంచా ఉప్పు, చెంచా దాల్చిన చెక్క పొడి, పావు చెంచా కారం వేసి మరిగించి, 300 గ్రాముల బాదం, జీడిపప్పు, వాల్‌నట్స్ కలిపి వేయండి. గరిటె ఆపకూడదు. ముందు పాకం నురగలు కడుతుంది, తర్వాత చిక్కబడుతుంది, ఆ వెంటనే ఒక్కసారిగా పొడిబారి పప్పుల మీద తెల్లగా ఇసుకలా పడుతుంది. ఏదో పాడైందని కంగారు పడకండి, కావలసింది అదే. అక్కడితో దించేయవచ్చు. ఇంకో రెండు మూడు నిమిషాలు తిప్పితే ఆ పంచదార మళ్లీ కొంత కరిగి గోధుమ రంగులో మెరుస్తుంది, నాకైతే అలా ఉంటేనే ఇష్టం. దించగానే పేపరు మీద విడివిడిగా పరచండి, రుచి చూడాలనిపించినా కాసేపు ఆగండి, పాకం చాలా వేడిగా ఉంటుంది.

వేడి పానీయాలు

మీ ఇంటికే పదిమందిని పిలుచుకునే ధైర్యం వచ్చాక, వాళ్లు తలుపు తీసి లోపలికి రాగానే చేతికి వేడి కప్పు ఇవ్వగలిగితే సగం మర్యాద పూర్తయినట్టే. ఆపిల్ రసం ఇందుకు ఎంతో అనువైనది. రెండు లీటర్ల రసంలో మూడు దాల్చిన చెక్క ముక్కలు, రెండు అంగుళాల అల్లం ముక్కని పల్చగా తరిగి, ఒక అనాస పువ్వు వేసి సన్నని సెగ మీద అరగంట ఉంచండి. ఎనిమిది లవంగాలని సగం నారింజ తొక్కకి గుచ్చి అందులో వేస్తే రుచి దిగుతుంది, ఎవరి పంటి కిందా లవంగం పడదు. దాల్చిన చెక్క పొడి వాడకండి, అది కరగదు, అడుగున జిగటగా పేరుకుంటుంది. నారింజని గంటల తరబడి అందులోనే ఉంచేస్తే తొక్క కింది తెల్లపొర వల్ల చేదు వస్తుంది కాబట్టి అరగంటకి తీసేయండి. పంచదార అక్కర్లేదు. చివర్లో కొంచెం నిమ్మరసం పిండితే చాలు. సీసా మీద సైడర్ అని ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చదవండి: అమెరికాలో అది ఎక్కువగా వడకట్టని ఆపిల్ రసం, బ్రిటన్‌లో మద్యం. పాశ్చరైజ్ చేయని రసమైతే ముందు బాగా ఒకసారి మరగనివ్వాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు తాగుతారు కాబట్టి ఇది తప్పనిసరి.

హాట్ చాక్లెట్ పదిమందికి చేయాలంటే రెండు లీటర్ల పాలు, 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 40 గ్రాముల కోకో పొడి, 80 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు. కోకోని నేరుగా పాలలో వేస్తే ఉండలు కడుతుంది. ముందుగా పంచదారతో కలిపి, కొన్ని గోరువెచ్చని పాలతో ముద్దలా చేసుకుని, తర్వాత మిగతా పాలలో కలపండి. పొంగు వచ్చేముందు దించి చాక్లెట్ ముక్కలు వేసి గిలకొట్టండి. పైన వేసే మార్ష్‌మాలోల్లో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది పంది లేదా పశువుల నుంచి తీసేది. శాకాహారులుంటే వీగన్ అని రాసి ఉన్నవి కొనండి, లేదా క్రీమ్ వేసి వదిలేయండి.

ఎగ్‌నాగ్ గురించి అందరూ అడుగుతారు. అది పాలు, గుడ్లు, పంచదార కలిపి చేసే చలికాలపు పానీయం. ఇంట్లో చేస్తే గుడ్లు, పాలు కలిపి 71 డిగ్రీల సెల్సియస్ దాకా కలుపుతూ వేడి చేసి, వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. థర్మామీటర్ లేకుండా దీని జోలికి వెళ్లకండి, కార్టన్‌లో దొరికే పాశ్చరైజ్ చేసినదే తెచ్చుకోండి.

మద్యం కలిపే పానీయం ఉంటే అది వేరే గిన్నెలో, వేరే బల్ల మీద, పేరు రాసి ఉండాలి. పిల్లలున్న ఇంట్లో, తాగని వాళ్లున్న చోట ఇందులో మొహమాటానికి తావు లేదు. మీరు వెళ్లిన చోట కూడా కప్పు అందుకునే ముందు ఇందులో మద్యం ఉందా అని మామూలుగా అడిగేయండి.

తీసుకెళ్లేటప్పుడు, పెట్టేటప్పుడు

డబ్బా మీద ఒక చిన్న చీటీ అంటించండి: ఏమిటిది, ఇందులో ఏమున్నాయి. పాలు, గుడ్డు, గోధుమ, సోయా, నువ్వులు, వేరుశనగ, బాదం లాంటి పప్పులు ఉంటే తప్పకుండా రాయాలి. పప్పులు తరిగిన చాకుతోనే షార్ట్‌బ్రెడ్ కోసి ఉంటే అదీ చెప్పండి. అలర్జీ ఉన్న వాళ్లకి ఆ కాస్త ముక్కే ప్రాణం మీదకి తెస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలకి బాదం, జీడిపప్పు లాంటివి ముక్కలు చేయకుండా ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. ఏడాది నిండని పాపకి తేనె కలిపినది ఏదీ నాకించకండి.

వెళ్లే ఇంట్లో కుక్క ఉందేమో కనుక్కోండి. చాక్లెట్, ఎండుద్రాక్ష, మకడేమియా పప్పు, జైలిటాల్ అనే తీపి వేసినవి కుక్కలకి విషం. చాలా ఇళ్లలో బహుమతులన్నీ క్రిస్మస్ చెట్టు కింద నేల మీద పెడతారు. మీ చాక్లెట్ డబ్బా అక్కడ పెట్టకుండా ఇంటివాళ్ల చేతికే ఇచ్చి, లోపల ఏముందో చెప్పండి.

పాలతో చేసినవి, గుడ్డుతో చేసినవి బయట రెండు గంటలకి మించి ఉంచకండి. హాట్ చాక్లెట్ ఎక్కువసేపు వడ్డించాలంటే స్లో కుక్కర్‌ని ‘వార్మ్’ మీద పెట్టండి, 60 డిగ్రీలకి తగ్గకుండా ఉంటే చాలు. తీసుకెళ్లాలంటే మంచి ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి, ఐదు నిమిషాలాగి పారబోసి, తర్వాత పానీయం నింపండి. మంచు మీద నడిచి వెళ్లాల్సి వస్తే రెండు చేతుల్లో గాజు గిన్నెలు పట్టుకోకండి, తేలికైన రేకు డబ్బా చాలు. అది అక్కడే వదిలేసి వచ్చినా పర్వాలేదు. మిగిలిన ఆపిల్ రసం వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. షార్ట్‌బ్రెడ్ పిండి ముద్ద చేసి ఫ్రీజర్‌లో దాచుకుంటే, వచ్చే శనివారం ఇంకెవరైనా పిలిచినప్పుడు ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మారిస్తే సరిపోతుంది.