ఎనిమిదితో చదువు ఆపొచ్చా: క్లాసులో చర్చ పెట్టే పద్ధతి

ఆదోనిలో తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తాను. ముందు కేసు చెప్పండి, తీర్పు దాచండి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆమిష్ (ఆధునిక జీవనానికి దూరంగా ఉండే క్రైస్తవ వర్గం) తల్లిదండ్రులు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపలేదు; మా మతజీవనానికి పొలం పనే చదువన్నారు. ఐదేసి డాలర్ల జరిమానా పడింది.

తల్లిదండ్రులు, ప్రభుత్వం, పిల్లలు అని మూడు జట్లు చేయండి. పిల్లల జట్టుకు ఎక్కువ టైమ్ ఇవ్వండి. పత్తి తీసే రోజుల్లో మా క్లాసులో బెంచీలు ఖాళీ అవుతాయి. నీకు చదవాలనుందా అని ఆ పిల్లల్ని ఎవరూ అడగరు, అది నన్ను బాధపెడుతుంది.

క్లాసులో ఎవరి మతాన్నీ ఉదాహరణగా తీయనివ్వొద్దు.

తర్వాత తీర్పు చెప్పండి: 1972లో అమెరికా సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పక్షం నిలిచింది. పిల్లల మాటా వినాలని జస్టిస్ డగ్లస్ ఒక్కరే పాక్షికంగా విభేదించారు. మన 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుందని బోర్డు మీద రాయండి.