ముసురు పట్టకముందే పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్‌లోకి: ప్లే నొక్కే ముందు జాగ్రత్తలు

ఎనభైల్లో, తొంభైల్లో తీయించిన పెళ్లి క్యాసెట్లు ఇంకా చాలా ఇళ్లలో బీరువా అడుగునో అటక మీదో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకుంటే వానలు దిగకముందే మొదలుపెట్టండి. ముసురు పట్టాక గాలిలో తేమకు టేపు మీద బూజు లేస్తుంది, కరెంటూ నిలకడగా ఉండదు. కొత్త వీసీఆర్ (క్యాసెట్ ఆడించే మిషను) కొందామంటే దొరకదు: చివరిదాకా వాటిని తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. పాత మిషనే దిక్కు. టేపు బలహీనపడి ఉంటే సరిగ్గా ఆడేది ఒక్కసారే కావచ్చు. అందుకే మిషను, డిస్కు, సాఫ్ట్‌వేర్ మూడూ సిద్ధమయ్యాకే అసలు క్యాసెట్‌ను మిషన్‌లో పెట్టాలి.

క్యాసెట్ చూసుకోవడం

ముందుగా క్యాసెట్ కిటికీలోంచి టార్చిలైటు వేసి చూడండి. చుట్టిన టేపు అంచులు నల్లగా, నున్నగా ఉండాలి. తెల్లటి చుక్కలు, దూదిలాంటి పొర కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టనే కూడదు. బూజు లోపల తిరిగే డ్రమ్ము (టేపును చదివే హెడ్డు ఉండేది దీనిమీదే) మీదికి, దాన్నుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. హెడ్డు మూసుకుపోతే తెర మీద చుక్కల వాన తప్ప ఇంకేమీ రాదు. బూజు క్యాసెట్లను వేరు చేసి, సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో కొన్ని వారాలు ఉంచండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి లోపల పెట్టి, తేమ 40 శాతం దగ్గరికి దిగిందో లేదో చూసుకోండి. ఎండిన బూజు పొడిలా రాలుతుంది, తడి బూజు మాత్రం తుడిచినకొద్దీ పులుముకుంటుంది. తుడిచే పని ఇంట్లో వద్దు, ముక్కుకు మాస్కు లేకుండా అసలే వద్దు.

ఎండలో ఆరబెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం రెండూ టేపుకు చేటే. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన క్యాసెట్ మీద సన్నగా నీరు పడుతుంది, తడి టేపు డ్రమ్ముకి అతుక్కుంటుంది. గది మారిస్తే ఒక రోజంతా ఆగాకే మిషన్‌లో పెట్టండి. వీసీఆర్ 'డ్యూ' అని చూపిస్తే అది మంచు తడి హెచ్చరిక. ఆరేదాకా ఆగాల్సిందే.

క్యాసెట్ వెనక అంచున ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది ఇంకా ఉంటే విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ పడినా అప్పుడు ఏమీ చెరగదు. ఏళ్లుగా కదలని టేపు లోపల పొరలు అంటుకుని, బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. కింద చెప్పినట్టు వీసీఆర్‌ను తుడిచి పరీక్షించాక, ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి తిప్పితే సర్దుకుంటుంది. తిరిగేటప్పుడు కీచుమన్నా, నెమ్మదించినా వెంటనే ఆపండి.

అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లను వేరుగా పెట్టండి. మన దేశంలో తీసినవి పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతివి, సెకనుకి 25 ఫ్రేములు. అక్కడివి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి 29.97. చీటీ మీద 'ఈ-180' బదులు 'టీ-120' అని ఉంటే అనుమానించండి. మన వీసీఆర్‌లు కొన్ని ఎన్‌టీఎస్‌సీ టేపును కూడా ఆడిస్తాయి గానీ, బయటికి వచ్చే సిగ్నల్ పాల్ 60 అనే కలగాపులగం. టీవీ దాన్ని చూపిస్తుంది, వీసీఆర్ సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ పరికరాలు చాలావరకు తీసుకోలేవు. వాటికి అసలైన ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్ ఇచ్చే మిషనే వెతకాలి.

వీసీఆర్

హెడ్డు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాని షామీ తోలు ముక్క కావాలి. దూది, ఇయర్‌బడ్ పనికిరావు, పోగులు హెడ్డులో చిక్కుకుంటాయి. మిషన్ ప్లగ్గు తీసేసి, తడిపిన తోలును డ్రమ్ము పక్కన మెల్లగా ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మును పైనుంచి తిప్పండి. తోలును పైకీ కిందికీ కదిపారంటే హెడ్డు మొన విరిగిపోతుంది, ఇక ఆ మిషన్ ముగిసినట్టే. ఆరడానికి ఓ అరగంట ఇవ్వండి.

తర్వాత పోయినా బాధ లేని క్యాసెట్‌ను, ఎప్పుడో టీవీ సీరియల్ రికార్డు చేసినదో మరోటో, అరగంట ఆడించండి. నలగకుండా బయటికి వస్తేనే పెళ్లి క్యాసెట్ వంతు. మాట బుసబుసమంటుంటే, హై-ఫై మిషన్ అయితే ఆడియోను 'నార్మల్' ట్రాక్‌కి మార్చి చూడండి. టేపు అంచున ఉండే మోనో ట్రాక్ చాలాసార్లు బాగా వినిపిస్తుంది.

డిస్కు, కరెంటు

లెక్క ముందే వేసుకోవాలి. 720 బై 576 పరిమాణంలో 8 బిట్ వీడియోను కుదించకుండా పట్టుకుంటే సెకనుకి 20.7 ఎంబీ, గంటకి దాదాపు 75 జీబీ. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా కుదించే ఎఫ్‌ఎఫ్‌వీ1 కోడెక్‌తో (కోడెక్ అంటే వీడియోను కుదించి రాసే పద్ధతి) అది ఇంచుమించు సగానికి దిగుతుంది. మూడు గంటల క్యాసెట్‌కి 150 జీబీ ఖాళీ పెట్టుకుంటే కంగారుండదు. డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు, సరిగ్గా తలంబ్రాల దగ్గర రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్, లైనక్స్‌లో ఎక్స్‌టీ4 ఏదైనా సరే.

యూపీఎస్ మీద కంప్యూటర్‌తో పాటు వీసీఆర్ కూడా ఉండాలి. టేపు డ్రమ్ము చుట్టూ ఉండగా కరెంటు పోతే అక్కడే నలిగే ప్రమాదం ఉంది. పోయినా బలవంతంగా లాగకండి. కరెంటు వచ్చాక చాలా మిషన్లు తమంతట తామే టేపును వెనక్కి తీసుకుంటాయి. రికార్డింగ్ ఎప్పుడూ మట్రోస్కా, అంటే ఎంకేవీ ఫైలులోకే. ఎంపీ4 ఫైలు తన సూచికను చివర్లో రాసుకుంటుంది, మధ్యలో ఆగిపోతే మామూలు ప్లేయర్లలో తెరుచుకోదు. ఎంకేవీ అయితే ఆగినచోటిదాకా దక్కుతుంది.

యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాన్ని హబ్‌కి గుచ్చకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. వైఫై, స్లీప్ మోడ్, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి.

పట్టుకునేటప్పుడు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పాల్ ఫ్రేము రెండు ఫీల్డుల కలయిక: బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతి క్షణానివి. ఈ అల్లికను అలాగే దాచుకోవాలి. ఓబీఎస్ స్టూడియో మంచి సాఫ్ట్‌వేరే గానీ ఈ పనికి కాదు. అది ఫీల్డులను కలిపేసి, కాన్వాసు సైజుకి సాగదీసి రాస్తుంది. ఫీల్డులు విడదీయకుండా సైజు మార్చిన వీడియోను ఏ ఫిల్టరూ మళ్లీ బాగుచేయలేదు. లైనక్స్, మ్యాక్‌లలో వీరికార్డ్, విండోస్‌లో వర్చువల్‌డబ్ వాడండి. కమాండులతో నడిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ తెలిసినవారికి అదొక్కటే చాలు.

ఎఫ్‌ఎఫ్‌వీ1కి మా సిఫారసు: లెవెల్ 3, జీ విలువ 1, స్లైసులు 16, స్లైస్‌సీఆర్‌సీ 1. ఆడియో 48 కిలోహెర్ట్జ్ పీసీఎం, అంటే కుదించనిది. స్లైస్‌సీఆర్‌సీ ఉంటే ప్రతి ముక్కకీ సరిచూసే అంకె ఫైలులోనే ఉంటుంది. పదేళ్ల తర్వాత డిస్కు చెడితే ఏ ఫ్రేములో చెడిందో అదే చెబుతుంది. ఈ కోడెక్ నిర్దేశాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9043గా ప్రచురించింది, కాబట్టి ఏదో ఒక కంపెనీ మూతపడితే ఫైలు తెరుచుకోదన్న భయం లేదు.

వెలుగు స్థాయి మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. మన పెళ్లిళ్లలో మధుపర్కాలు తెల్లవి, వాటి మీద హాలోజెన్ లైటు. క్యాప్చర్ పరికరంలో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఎక్కువగా ఉంటే ఆ తెలుపంతా సున్నం కొట్టినట్టు ఒకే ముద్ద అయిపోతుంది. ఎర్రంచు పక్కన బట్ట మడతలు మళ్లీ రావు. వర్చువల్‌డబ్ హిస్టోగ్రామ్‌లో (వెలుగు స్థాయిలు చూపే పటంలో) నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉండేలా తెల్లటి దృశ్యం ఒకటి పెట్టి సరిచేశాకే మొదలుపెట్టండి. కొంచెం మబ్బుగా వచ్చినా ఫరవాలేదు, తర్వాత దిద్దవచ్చు.

డ్రాప్ అయిన ఫ్రేముల లెక్క చూస్తూ ఉండండి. గంటకి 90,000 ఫ్రేములు. అందులో 10 పోతే 0.4 సెకను, అక్కడినుంచి మాట పెదవులకు తప్పుతుంది. పాత టేపు సిగ్నల్ వణుకుతుంది కాబట్టి ఆ వణుకును సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం ఉంటే మంచిది. అది ఖరీదు. వీసీఆర్‌కీ క్యాప్చర్ పరికరానికీ నడుమ పాత డీవీడీ రికార్డర్ గుండా సిగ్నల్ పంపితే కొన్ని మోడళ్లలో గీతల వణుకు బాగా తగ్గుతుంది. సింక్ చూడాలంటే గట్టిమేళం దగ్గర డోలు మీద పుల్ల పడే క్షణాన్ని చూడండి. టేపు మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట పోల్చితే క్రమంగా జారుతోందో, ఒక్కచోటే తెగిందో తెలిసిపోతుంది.

మినీ డీవీ హ్యాండీక్యామ్ టేపులకు ఇదంతా అక్కర్లేదు. అవి పుట్టుకతోనే డిజిటల్. మూడు రంగుల ఏవీ కేబుల్‌తో పట్టకండి. ఫైర్‌వైర్ కేబుల్ పెట్టి డీవీగ్రాబ్ అనే సాఫ్ట్‌వేర్‌తో బిట్లకు బిట్లు కాపీ చేయండి, గంటకి 13 జీబీ.

ప్రాసెసింగ్ ముందు

మాస్టర్ ఫైలు, అంటే క్యాసెట్ నుంచి పట్టిన అసలు ఫైలు, ఉన్న ఫోల్డర్‌ను రీడ్-ఓన్లీ చేయండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పాత ఫైలు మీద రాసే ముందు అడుగుతుంది గానీ, ఎక్కడినుంచో తెచ్చుకున్న కమాండులో 'హైఫన్ వై' ఉంటే అడగకుండానే రాసేస్తుంది. దాని బదులు 'హైఫన్ ఎన్' పెట్టండి. మాస్టర్ కింద అంచున కదిలే చెత్త గీతలు ఉంటాయి, అది హెడ్డు మారేచోటు. వాటినీ మాస్టర్‌లో కత్తిరించకండి. దిద్దుబాట్లన్నీ ఇంట్లో చూడటానికి వేరుగా చేసుకునే 'చూసే కాపీ'లోనే.

చూసే కాపీకి వరుస ముఖ్యం. మొదట ఫీల్డులను విడదీసి పూర్తి ఫ్రేములుగా చేసే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ (ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోనిది), సెండ్ ఫీల్డ్ పద్ధతిలో. దాంతో సెకనుకి 50 ఫ్రేములు వచ్చి కదలిక అప్పటి టీవీలో చూసినంత నున్నగా ఉంటుంది. తర్వాత కింది 8 గీతల మీద నల్లపట్టీ. ఆ తర్వాతే 768 బై 576కి మార్చడం, లేకపోతే మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తారు. చివర్లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఈ సెట్టింగులు: వీడియో కోడెక్ లిబ్‌ఎక్స్264, నాణ్యత సీఆర్‌ఎఫ్ 18, రంగుల పద్ధతి వైయూవీ420పీ, ఆడియో ఏఏసీ 192 కేబీపీఎస్, ఫాస్ట్‌స్టార్ట్. వైయూవీ420పీ మరిచిపోతే లాప్‌టాప్‌లో బాగానే ఆడే ఫైలు టీవీలో, ఫోన్‌లో ఆడకపోవచ్చు. చేతులు ఊపేచోట బొమ్మ ముందుకీ వెనక్కీ తడబడితే ఫీల్డుల వరుస తారుమారైందని అర్థం. అనలాగ్ క్యాప్చర్లలో సాధారణంగా పై ఫీల్డు ముందు, డీవీలో కింది ఫీల్డు ముందు. ఫీల్డుల వరుసను గుర్తించే ఐడెట్ ఫిల్టర్‌తో తేల్చుకోవచ్చు.

చుక్కలు తగ్గించాలంటే హెచ్‌క్యూడీఎన్3డీ ఫిల్టర్ తేలిగ్గా వాడండి. కృత్రిమ మేధతో బొమ్మ పెంచే సాధనాల విషయంలో మా మాట గట్టిగా చెబుతాం: మసక ముఖాలకు అవి కళ్లూ పళ్లూ కల్పించి పెడతాయి. ఆ క్యాసెట్‌లో ఉన్నది మీ తాతగారి ముఖం, అది ఆయన ముఖంగానే ఉండాలి.

పెళ్లి వీడియోల మీద సినిమా పాటలు ఎక్కించడం అప్పటి అలవాటు. యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ అభ్యంతరం రావచ్చు, బంధువులకు లింకు పనిచేయకపోవచ్చు. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది మళ్లీ కుదించేస్తుంది.

వెంటనే చేయాల్సిన తనిఖీ

వీసీఆర్ విప్పేసే ముందే మాస్టర్‌ను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో మొదటినుంచి చివరిదాకా డీకోడ్ చేయించి, ఫలితాన్ని నల్ ఫార్మాట్‌కి, అంటే ఏ ఫైలూ రాయకుండా, పంపండి. లోపాలు మాత్రమే చూపించమంటే తెర ఖాళీగా ఉండాలి. తర్వాత ఫైలుకి వేలిముద్రలాంటి షా256 అంకె తీసి టెక్స్ట్ ఫైలులో రాసి, మాస్టర్‌ను రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, రెండుచోట్లా అదే అంకె వస్తోందో చూడండి. ఒక డిస్కు వేరే ఊళ్లో అన్నదమ్ముల ఇంట్లో ఉంటే మేలు. క్యాసెట్ మీది చీటీని ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి, తేదీ, ముహూర్తం, ఊరు పేరు చాలాసార్లు దాని మీదే ఉంటాయి.

క్యాసెట్ పారేయకండి. చివరిదాకా తిప్పి, పుస్తకంలా నిలబెట్టి, పొడి డబ్బాలో ఉంచండి. కలరా ఉండలు మాత్రం పక్కన పెట్టకండి, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కు మంచిది కాదు. ఊళ్లో అమ్మమ్మగారి టీవీకి పెన్‌డ్రైవ్ ఇస్తుంటే దాని ఫార్మాట్ ఆ టీవీకి పడుతుందో లేదో ముందు అడగండి. ఫ్యాట్32 ఒక్కటే చదివే పాత టీవీ అయితే చూసే కాపీని గంటకొక ముక్కగా కోసి, ఒక్కోటీ 4 జీబీ లోపే ఉందో లేదో సరిచూసి ఇవ్వండి.