ఫాంటసీ గేమ్‌లో కట్టెలు కొట్టి బతకడం: వీరుడు కాని క్యారెక్టర్‌ను నిలబెట్టే పద్ధతి

స్కైరిమ్ లాంటి ఫాంటసీ వీడియో గేమ్‌లో మామూలు మనిషిగా ఆడదామని చాలామంది మొదలుపెడతారు. చిరుగుల బట్టలు తొడిగి, రెండు గంటలు ఊళ్లో తిరుగుతారు. మూడో గంటకల్లా చేతిలో కత్తి, ఒంటిమీద కవచం, నెత్తిన లోకాన్ని కాపాడే భారం. ఇందులో ఆటగాడి తప్పు పెద్దగా లేదు. ఆ గేమ్ కట్టిందే మనల్ని అటు నెట్టడానికి. క్యారెక్టర్‌ను బలహీనంగా చేసినంత మాత్రాన మామూలు మనిషి అయిపోడు. రేపటి గది అద్దె ఎక్కడి నుంచి వస్తుందన్న బెంగ ఉంటేనే అవుతాడు. ఆ బెంగ గేమ్ పెట్టదు, మనమే పెట్టుకోవాలి.

ఆట తెరవకముందే కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: చేసే పని, పడుకునే చోటు, దేనికి భయం, ఏం కావాలి. నాలుగోది చాలా చిన్నదిగా ఉండాలి. ‘ప్రతీకారం’ అని రాశారా, పదో రోజుకి మళ్లీ వీరుడే. ‘గుర్రం కొనాలి’ అని రాస్తే చాలు. స్కైరిమ్‌లో గుర్రం ధర 1000 బంగారు నాణేలు, కాబట్టి లెక్క కూడా సూటిగా కుదురుతుంది.

ఇక ఆ లెక్క. రివర్‌వుడ్ అనే ఊళ్లో కోత మిల్లు దగ్గర గొడ్డలి పట్టుకుని మొద్దు దగ్గర ఒక విడత కొడితే 6 కట్టెలు వస్తాయి. మిల్లులో పనిచేసే హాడ్ ఒక్కోదానికి 5 నాణేలు ఇస్తాడు, అంటే విడతకు 30. సత్రంలో రాత్రికి గది 10. చిక్కంతా ఇక్కడే ఉంది: నిమిషం కూడా పట్టని పనికి మూడు రాత్రుల అద్దె వస్తోంది. ఆపకుండా కొడితే సాయంత్రానికి షావుకారు అయిపోతారు, ఆటలో పస పోతుంది. అందుకని రోజుకు రెండే విడతలు అని గీత గీసుకోండి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ప్రతి విడత తర్వాత వెయిట్ (గేమ్‌లో కాలాన్ని ముందుకు జరిపే మీట) కొట్టి నాలుగు గంటలు గడపండి, అదే కూలి సమయం. వచ్చిన 60లో గదికి 10, తిండికి 10 పోతాయి. తిండి ఊరికే దొరికినా ఆ 10కి కొనే తినండి. మిగిలేది 40, గుర్రానికి 25 రోజులు. మామూలు వేగంలో గేమ్‌లో ఒక రోజంటే బయట 72 నిమిషాలు. నిద్ర, వెయిట్ పోగా 20, 25 నిమిషాల్లో ఒక రోజు గడుస్తుంది. పీసీలో ఆడేవాళ్లకు రోజు మరీ పరుగెడుతోంది అనిపిస్తే ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ పెట్టెలో టైమ్‌స్కేల్‌ను, అంటే గేమ్‌లో కాలం నడిచే వేగాన్ని, 20 నుంచి 10కి దించితే వ్యవధి రెట్టింపు అవుతుంది.

గని పని, పొలం పని కూడా ఇలాగే నడుస్తాయి. కమ్మరి పని, మూలికల పని మాత్రం జాగ్రత్తగా పట్టుకోండి. ఎందుకంటే స్కైరిమ్‌లో ఏ స్కిల్ పెరిగినా క్యారెక్టర్ లెవెల్ పెరుగుతుంది, లెవెల్‌తో పాటు శత్రువులూ ముదురుతారు. ఇనుప బాకు చేయడానికి ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ చాలు. అలా వరుసగా చేసుకుంటూ పోతే కమ్మరితనం చకచకా పెరుగుతుంది. పోట్లాట నైపుణ్యం మాత్రం మొదటి రోజు దగ్గరే ఉంటుంది. ఊరి బయట తగిలే దొంగ మాత్రం మీ కొత్త లెవెల్‌కు తగ్గట్టు వస్తాడు. ‘నేను పాత్రలో ఉండి ఆడుతుంటే గేమ్ ఎందుకు కక్ష కట్టింది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. విరుగుడు సులువు: స్కిల్స్ మెనూలో హెల్త్, స్టామినా లాంటివాటిలో ఒకటి ఎంపిక చేసేదాకా లెవెల్ పెరగదు, కాబట్టి దాన్ని అలాగే వదిలేయండి. తప్పక తీసుకోవాల్సి వస్తే హెల్త్ కాక స్టామినా ఎంచుకోండి. అది బరువు మోసే సామర్థ్యాన్ని 5 పెంచుతుంది, కూలివాడికి పనికొస్తుంది. లెవెల్ తక్కువగా ఉంచడంలో ఇంకో లాభమూ ఉంది. డాన్‌గార్డ్ అనే అదనపు భాగం ఉన్న గేమ్‌లో లెవెల్ 10 దాటాక రక్తపిశాచులు ఊళ్ల మీద పడి దుకాణదారులను చంపేస్తుంటాయి. మీ కట్టెలు కొనేవాడే పోతే బతుకు తెరువు పోయినట్టే.

కథ వెంటపడకుండా ఎలా? ఆట మొదలయ్యే హెల్గెన్ నుంచి బయటపడ్డాక వైట్‌రన్ నగరాన్ని ఏలే జార్ల్‌కు కబురు చేర్చమంటారు. చేర్చకపోతే కొంపేమీ మునగదు. పడమటి కావలి బురుజు దగ్గర మొదటి డ్రాగన్‌తో పోరాటం జరిగేదాకా దారిలో డ్రాగన్లు వచ్చి పడవు. రివర్‌వుడ్‌లో దుకాణదారు తన బంగారు పంజా పోయిందని వాపోతాడు. అమాయకంగా కనిపించే పని అది, ఒప్పుకోకండి. ఆ దారి బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధిలోకి వెళ్తుంది. మెయిన్ క్వెస్ట్‌కు, అంటే అసలు కథకు, కావలసిన డ్రాగన్‌స్టోన్ అనే రాతిపలక, వీరుడి మంత్రశక్తి అయిన అరుపులో మొదటి మాట రెండూ ఉన్నది అక్కడే. వైట్‌రన్‌లో ఇల్లు కొనుక్కుందామన్నా కుదరదు. 5000 నాణేలు కూడబెట్టినా, జార్ల్ దగ్గర మంచి అనిపించుకునే పనులు చేస్తేగాని అమ్మరు. సత్రమే గతి. ఒప్పుకున్న క్వెస్ట్‌లన్నిటినీ జర్నల్‌లో ఆపేస్తే దిక్సూచి మీద బాణం గుర్తులు పోతాయి. చూడటానికి చిన్న మార్పే, కానీ ఆ బాణం కనబడుతున్నంతకాలం కాళ్లు అటే లాగుతాయి.

స్కైరిమ్ మొదట్లో వచ్చే తలారి సన్నివేశమే వద్దనుకుంటే, పీసీలో ప్రారంభాన్ని మార్చే మోడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు) ఉన్నాయి. సత్రంలో బస చేసిన బాటసారిగానైనా మొదలుపెట్టవచ్చు. ఇదే వరుసలో ముందు వచ్చిన అబ్లివియన్‌లో (2006) ఆ అవసరం కూడా లేదు. మురుగు కాలువల గేటు దాటే ముందు జాతి, వృత్తి, జన్మరాశి మార్చుకోనిస్తుంది. అక్కడ ఒక సేవ్ దాచుకుంటే ఎన్ని బతుకులైనా మొదలుపెట్టవచ్చు. మొదట్లో రాజు ఇచ్చిన తాయెత్తును జాఫ్రే అనే సన్యాసికి అందించకపోతే నరక ద్వారాలూ తెరుచుకోవు. తాయెత్తును సంచిలోనే ఉండనివ్వండి. కథ మీద మనసు మళ్లితే వెతుక్కునే పని ఉండదు.

శరీరానికీ కొన్ని హద్దులు పెట్టాలి. స్కైరిమ్ మొదటి నుంచే 300 బరువు మోయనిస్తుంది. ఇనుప కవచం ఒక్కటే 30 అని గుర్తుంచుకుని, మీ హద్దును 60 దగ్గర పెట్టుకోండి. ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్‌లో నొక్కి ఒక్కసారిగా వేరే చోటికి చేరడం) మానేసి ఊళ్ల మధ్య బండి కట్టించుకోండి. సర్వైవల్ మోడ్ ఉంటే వేసుకోవచ్చు: ఆకలి, చలి, అలసట వస్తాయి, గాయం దానంతట అది మానదు, ఫాస్ట్ ట్రావెల్ పోతుంది. అయితే మొదటి ఐదారు రోజులు అది లేకుండా ఆడటమే మేలు. లేకపోతే దినచర్య కుదరకముందే చలికి వణుకుతూ విసిగిపోతారు.

పోట్లాటకు ఒకే నియమం: తోడేలైనా, దొంగైనా, ముందు పరుగు. ఊరి వైపు పరుగెత్తితే కాపలావాళ్లు చూసుకుంటారు. సేవ్ ఒక్కటే ఉంచండి, బగ్ వస్తే తప్ప వెనక్కి లోడ్ చేయకండి. దొంగ నాలుగు రోజుల కూలి దోచుకుపోతే పోయిందనే అనుకోండి, గుర్రం నాలుగు రోజులు వెనక్కి జరుగుతుంది. అలాంటి నష్టం రెండుసార్లు తగిలాక సంతకు వెళ్లే దారి కూడా ఆలోచించి ఎంచుకుంటారు.

నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో లెక్క మరీ కఠినం. ఐదో ఎడిషన్‌లో కామనర్‌కు, అంటే మామూలు మనిషికి, 4 హిట్ పాయింట్లు (ప్రాణం), ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా ఆపే అంకె) 10, గుణాలన్నీ 10, చేతిలో ఒక దుడ్డుకర్ర. 2014 నియమాల్లో గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి కత్తి దెబ్బ ఆరు ముఖాల పాచికకు 2 కలిపినంత. తగిలితే ఆరింట ఐదుసార్లు మనిషి నేలకూలుతాడు. కాబట్టి ఆట మొదలవకముందే డీఎంతో (ఆట నడిపించే వ్యక్తితో) మాట్లాడుకోండి: మీవాడు జట్టులో వంటవాడా, బరువులు మోసేవాడా, దారి చెప్పేవాడా, పోట్లాటలో ఎక్కడ నిలబడతాడు. ఇది తేల్చకుండా దిగితే మిగతా ముగ్గురూ ప్రతి పోరాటంలో మీవాడిని కాపాడుతూ కూర్చుంటారు, రెండో వారానికే విసుక్కుంటారు. డంజియన్ క్రాల్ క్లాసిక్స్ అనే మరో బల్ల ఆటలో ఈ గొడవ లేదు. అక్కడ ఒక్కో ఆటగాడు పలువురు రైతుల్ని, చేతిపనివాళ్లని తెస్తాడు. వాళ్ల వృత్తి నూరు అంకెల పట్టికలో పాచిక వేస్తే తేలుతుంది, ప్రాణం దాదాపు నాలుగు ముఖాల పాచిక పడినంతే. ఎక్కువమంది పోతారని ముందే తెలుసు కాబట్టి ఒకడు చస్తే ఆట ఆగదు, పక్కవాడు వాడి గడ్డపార తీసుకుని నడుస్తాడు.