డీఎన్‌ఏ ఫైల్ ఎక్కించే ముందు ఇంట్లో ఓ మాట అడగండి

డీఎన్‌ఏ పరీక్షకి ఉమ్మి పంపి రిపోర్టు తెచ్చుకున్నాక చాలామంది చేసే తర్వాతి పని, రా డేటా ఫైల్ (మన డీఎన్‌ఏ వివరాలన్నీ ఉండే ఫైల్) డౌన్‌లోడ్ చేసి, ఇలాంటి ఫైళ్లను ఒకదానితో ఒకటి పోల్చి చూపే జెడ్‌మ్యాచ్ లాంటి సైట్‌లో ఎక్కించి చుట్టాలను వెతకడం. వెతకండి, కానీ ఆ ఫైల్ మీ ఒక్కరిదే కాదు, సగం అమ్మది, సగం నాన్నది. 2018లో కాలిఫోర్నియా పోలీసులు గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే వరుస హత్యల నేరస్తుడిని పట్టుకున్నది అతని దూరపు బంధువులు అక్కడ పెట్టుకున్న ఫైళ్ల ఆధారంగానే. ఆ తర్వాత పోలీసులకు కనపడాలా వద్దా అని మనమే ఎంచుకునే సెట్టింగ్ జెడ్‌మ్యాచ్ వాళ్లు పెట్టారు, అది తప్పకుండా చూసుకోండి. అయితే 2020 జూలైలో హ్యాకర్లు ఆ సెట్టింగులనే మార్చేసి కొన్ని గంటలపాటు అందరి ప్రొఫైళ్లూ పోలీసులకు కనపడేలా చేశారు, అందుకే పూర్తి పేరు పెట్టకండి, వేరే ఈమెయిల్ వాడండి.

పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిదై ఉండాలి. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్‌ఏ పరీక్షల కంపెనీలో దొంగలు పాత పాస్‌వర్డులతో తెరిచింది దాదాపు 14 వేల ఖాతాలే, బయటపడింది మాత్రం 69 లక్షల మంది వివరాలు. బంధువుల జాబితాల గుండా అంత దూరం వెళ్లారు.

ఇక మనవాళ్లు ఎక్కువగా పొరబడేది సెంటీమోర్గాన్ల దగ్గర, అంటే ఇద్దరి డీఎన్‌ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత దగ్గర. పెదనాన్న కొడుకుతో సగటున 870 దాకా కలుస్తాయని పట్టికలు చెప్తాయి, కానీ ఆ లెక్క ఇద్దరికీ ఒక్క వైపు నుంచే చుట్టరికం ఉన్నప్పుడే. మన ఇళ్లలో మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాలు, తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు; దాంతో ఆరేడు తరాల అవతల నాలుగైదు వైపుల నుంచి కలిసినవాళ్లు కూడా దగ్గరి చుట్టాల్లా కనిపిస్తారు. మొత్తం చూసి మురిసిపోకండి, కలిసిన డీఎన్‌ఏ ముక్కల్లో అన్నిటికంటే పొడవైనది ఎంతుందో చూడండి. అన్నీ చిన్న ముక్కలే అయితే ఆ చుట్టరికం పాతదే అయ్యుండొచ్చు, 7 సెంటీమోర్గాన్ల కంటే తక్కువవైతే అసలు లెక్కలోకే తీసుకోకండి.

తల్లిదండ్రులు ఒకరికొకరు బంధువులా అని చెప్పే టూల్ కూడా జెడ్‌మ్యాచ్‌లో ఉంది. అమెరికాలో పుట్టిన పిల్లలు దాన్ని ఒంటరిగా నొక్కి హడలిపోకముందే, మీ పెళ్లి ఏ వరసలో జరిగిందో మీరే చెప్పండి. ఇంట్లో ఎవరికీ తెలియని అన్నో చెల్లో తేలితే మొదటి మెసేజ్‌లోనే వరస పెట్టి పిలవకండి, అవతలివాళ్లకి ఇంకా ఏమీ తెలియకపోవచ్చు. మీరు ఎవరో, ఏ ఊరివాళ్లో చెప్పి ఆగండి.

జబ్బుల రిస్క్ చెప్పే ఇతర సైట్లలో ఆ ఫైల్ వేసి టెన్షన్ పడొద్దు, అనుమానముంటే డాక్టర్ ద్వారా మళ్లీ పరీక్ష చేయించాలి. అమెరికాలో జన్యువుల వివరాలు చూసి వివక్ష చూపకూడదనే 2008 నాటి జీనా చట్టం ఆరోగ్య బీమాకీ ఉద్యోగానికీ వర్తిస్తుంది, జీవిత బీమాకి వర్తించదు.

పెద్దవాళ్ల నమూనా వెతుకులాటకి ఎంతో విలువైనదే, అయినా ఇవన్నీ తెలుగులో విడమరిచి చెప్పాకే అడగండి. నానమ్మ వద్దంటే వదిలేయండి. ఆవిడ దగ్గర కూర్చుని ఇంటిపేర్లు, ఊళ్లు, ఎవరు ఎవరికి మేనమామో రాసుకోండి, మ్యాచ్‌లు సరిచూసుకోవడానికి ఆ కాగితం ఎలాగూ కావాలి.