బ్లాక్ చేసినా ఆయన మాటలు ఆగడం లేదా?

మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్. 90 ఫ్లాట్లు, అందరికీ కలిపి ఒకటే వాట్సాప్ గ్రూపు. మార్చి దాటి బోర్లలో నీళ్లు తగ్గి, ట్యాంకర్ల లెక్కలు మొదలయ్యాయంటే ఆ గ్రూపు కుంపటి అయిపోతుంది. రెండేళ్లు దానికి అడ్మిన్‌గా ఉన్నాను. ఆ రెండేళ్లూ లిఫ్టులో నన్ను ఆపి జనం ఎక్కువగా అడిగింది ట్యాంకర్ ఎప్పుడొస్తుందని కాదు, "ఫలానా ఆయన మెసేజ్‌లు నాకు కనపడకుండా ఉండాలంటే ఏం నొక్కాలి?" అని. చాలామంది అప్పటికే ఏదో ఒకటి నొక్కేసి ఉండేవారు. కాకపోతే వాళ్ల బాధ ఒకటి, నొక్కింది ఇంకోదానికి మందు. వాళ్లు చెప్పుకున్న బాధలు ఆ మాటల్లోనే ఇక్కడ రాస్తున్నాను.

"బ్లాక్ చేశాను. అయినా గ్రూపులో కనిపిస్తూనే ఉన్నాడు."

కారణం: వాట్సాప్‌లో బ్లాక్ అనేది రెండు నంబర్ల మధ్య వ్యవహారం. ఆయన మీకు విడిగా పంపే మెసేజ్‌లు రావు, కాల్స్ రావు. మీ స్టేటస్, లాస్ట్ సీన్ ఆయనకు కనపడవు. గ్రూపు మాత్రం ఉమ్మడి వరండా లాంటిది. అక్కడ ఆయన మాట మీకు, మీ మాట ఆయనకు మునుపటిలాగే చేరతాయి. టెలిగ్రామ్ గ్రూపుల్లోనూ ఇంతే. ఫేస్‌బుక్‌లో అలా కాదు, బ్లాక్ చేస్తే ఇద్దరూ ఉన్న గ్రూపులో కూడా మామూలుగా ఒకరి పోస్టులు ఒకరికి కనపడవు. ఆ అలవాటుతో ఇక్కడా అదే జరుగుతుందనుకుంటారు.

పరిష్కారం: గ్రూపులో ఒక్క మనిషిని మాత్రమే మాయం చేసే ఏర్పాటు వాట్సాప్‌లో లేదు. మొత్తం గ్రూపును మ్యూట్ చేసుకోవచ్చు: 8 గంటలు, ఒక వారం, లేదా ఎప్పటికీ. దాంతో పాటు ఆర్కైవ్ కూడా చేస్తే చాట్ల వరసలో పైకి రాకుండా పక్కన పడి ఉంటుంది. ఒక్క చిక్కు ఉంది. ఎవరైనా మీ పేరు ట్యాగ్ చేసినా, మీ మెసేజ్‌కే జవాబు పెట్టినా నోటిఫికేషన్ వస్తుంది. గొడవ కావాలనుకునేవాడికి ఈ సంగతి బాగా తెలుసు.

మా దగ్గర అన్నిటికంటే పనిచేసింది రెండో గ్రూపు. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేసి, జలమండలి నీళ్లు రాని రోజులు, కరెంటు కోతలు, లిఫ్టు రిపేరు, మెయింటెనెన్స్ గడువు అందులో వేశాం. జనానికి పాత గ్రూపు నుంచి కావాల్సింది నిజానికి అంతే. అది వేరే చోట దొరికేసరికి సగం మంది పాత గ్రూపును ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టేశారు. అక్కడి వస్తాదులకు ప్రేక్షకులు కరువయ్యారు.

"బూతులేమీ తిట్టలేదు. కానీ మర్యాద లేదు."

ఇది నా దగ్గరికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు. సగానికి సగం సార్లు అవతల మొరటుతనమే లేదు. హైదరాబాద్‌లో ఒకే అంతస్తులో నల్గొండ, గుంటూరు, శ్రీకాకుళం, పాతబస్తీ పక్కపక్క తలుపుల్లో ఉంటాయి. మూడో అంతస్తు పెద్దాయన "పైసలు కట్టినవా? ఎప్పుడు కడతవ్?" అని పెట్టాడు. ఆయన దృష్టిలో అది కొడుకు వయసువాడితో చనువుగా అన్న మాట. అవతల గుంటూరు కుర్రాడికి అది ఏకవచనం, అవమానం. బదులుగా అతను "తమరు కాస్త నోటీసు చదివే శ్రమ తీసుకోగలరా" అని రాశాడు. అక్షరాలా మర్యాదే, కానీ పెద్దాయనకు అంతకంటే వెటకారం ఇంకొకటి కనపడలేదు. గంటలో ఇద్దరూ ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నారు. మధ్యలో మెయింటెనెన్స్ బాకీ అలాగే ఉండిపోయింది.

రాతలో ఇంకొన్ని మాయలున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు తొందరలో ముందు ఎగిరిపోయేది "అండి". వాయిస్ టైపింగ్‌లో ప్రశ్న గుర్తు పోతుంది, "కారు తీస్తారా" అన్న విన్నపం హుకుంలా పడుతుంది. కొందరు పెద్దవాళ్లు క్యాపిటల్ అక్షరాలు ఆన్ అయిపోతే తీయడం రాక అలాగే రాస్తారు. చదివేవాళ్లకు అది అరుపు.

పరిష్కారం: ఒక్కసారి ఫోన్ చేయండి. లేదా సెక్యూరిటీ గది దగ్గర ఎదురుపడినప్పుడు అడగండి. గొంతు వింటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. విన్నాక కూడా మొరటుగానే అనిపిస్తే, అప్పుడు కింద రాసినవి చేయండి.

"మ్యూట్ చేశాను. కానీ చెయ్యి ఆగట్లేదు."

కారణం ఫోన్‌లో లేదు. చివరి మాట ఆయనది కావడం మీకు గిట్టడం లేదు, అంతే. శబ్దం ఆగింది గానీ పది నిమిషాలకోసారి తెరిచి చూస్తున్నారు.

ముందు చేయకూడనిది చెబుతాను: "ఇకమీదట మీకు జవాబు ఇవ్వను" అని గ్రూపులో ప్రకటించకండి. అదీ జవాబే. మా రెండో అంతస్తు ఆంటీ ఒక సాయంత్రం ఈ ప్రకటన ఐదుసార్లు చేశారు, ప్రతిసారీ ఆయన ఏదో అన్నాక.

రాయకుండా ఉండలేకపోతే గ్రూపు పెట్టెలో టైప్ చేయకండి, వేలు తగిలి వెళ్లిపోతుంది. వాట్సాప్‌లో మీ నంబరుకే మీరు మెసేజ్ పంపుకోవచ్చు. కసి తీరా అక్కడ రాసి పెట్టుకోండి. పొద్దున కాఫీ తాగాక చదవండి. నేను అలా రాసుకున్నవాటిలో మర్నాడు గ్రూపులో పెట్టింది ఒకటో రెండో, అవీ సగానికి కోసి.

"గ్రూపులో ఊరుకున్నాడు. విడిగా మొదలుపెట్టాడు."

కారణం: గ్రూపులో చేరినప్పుడే మీ నంబరు అందరి చేతికీ వెళ్లింది. బ్లాక్ ఉన్నది ఇలాంటి సందర్భానికే, ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. కానీ వరస తప్పకండి. ముందు స్క్రీన్‌షాట్లు, అందులో నంబరూ తేదీ కనపడాలి. ఆ తర్వాత రిపోర్ట్. రిపోర్ట్ చేస్తే ఆయన మీకు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కు వెళ్తాయి, ఆ సంగతి ఆయనకు తెలియదు. చివర్న బ్లాక్. కోపంలో చాట్ మొత్తం డిలీట్ చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. చూపించడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

కొత్త నంబరుతో మళ్లీ వస్తే ప్రైవసీ సెట్టింగ్స్‌లో రెండు సరిచేసుకోండి. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయడం ఒకటి, మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చే వీలు మీ కాంటాక్టులకే ఇవ్వడం రెండోది.

"66ఏ కింద కేసు పెడతా" అని ఇంకా కొందరు బెదిరిస్తుంటారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. పొగరుగా మాట్లాడినంత మాత్రాన పోలీసు కేసు కాదు. బెదిరింపు, వెంటపడటం అలా కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నేరపూరిత బెదిరింపుకు 351, వద్దన్నా మహిళ వెంటపడి ఆన్‌లైన్‌లో నిఘా పెట్టడానికి 78 సెక్షన్లు ఉన్నాయి. ఆడవాళ్లకైతే 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి. స్క్రీన్‌షాట్లు వాళ్లకు చూపించండి, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకండి. అక్కడ పెడితే తీర్పు చెప్పేవాళ్లు 90 మంది అవుతారు.

"అడ్మిన్ ఎందుకు తీసేయట్లేదు?"

నన్ను చాలాసార్లు నిలదీసిన ప్రశ్న. ఆయన ఓనరు, మెయింటెనెన్స్ కడుతున్నాడు. గ్రూపులోంచి తీసేస్తే పార్కింగ్‌లో కనపడతాడు, ఇంకా కోపంగా. పైగా అడ్మిన్లకు ఒక భయం: సభ్యుడెవరో పెట్టిన మెసేజ్‌కు తమ మీద కేసు పడుతుందని. గ్రూపు సృష్టించి నడిపినంత మాత్రాన, సభ్యుల పోస్టులకు అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ భయంతోనే చెడిపోయే అడ్మిన్లను చూశాను. ఒకరు ప్రతి మెసేజ్‌కూ భయపడతారు, ఇంకొకరు దేనికీ కదలరు.

అడ్మిన్‌కు ఇప్పుడు ఇతరుల మెసేజ్‌నూ అందరికీ కనపడకుండా డిలీట్ చేసే వీలుంది, చేసింది ఎవరో గ్రూపుకు తెలుస్తుంది. తిట్టున్న మెసేజ్ తీసేసి, మనిషిని ఉంచి, విడిగా ఒక కాల్ చేయడం నా పద్ధతి. రెండోసారికి ఒక రోజు అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపుకు తాళం. మనిషిని తీసేసింది రెండేళ్లలో ఒక్కసారే, అదీ కులం పేరు ఎత్తినందుకు. దానికి ఫోన్ కాల్ కూడా దండగ అనిపించింది.

"బయటికి వెళ్లిపోతే అందరికీ తెలిసిపోతుందేమో."

2022 నుంచి ఎగ్జిట్ అయితే కబురు అడ్మిన్లకే వెళ్తుంది. కాకపోతే 60 రోజుల పాటు పాత సభ్యుల జాబితాలో మీ పేరు చూడాలనుకునేవాళ్లకు కనపడుతుంది. చూసేంత తీరిక ఉన్నవాళ్లు మా గ్రూపులో నలుగురున్నారు.

"అన్‌బ్లాక్ చేశాను. ఆయన పంపినవి రాలేదు."

బ్లాక్‌లో ఉన్నప్పుడు పంపినవి తర్వాత కూడా రావు. నేను ఒకాయనను ఫిబ్రవరిలో బ్లాక్ చేశాను. ఏప్రిల్‌లో ఆయననే ట్యాంకర్ల ఇన్‌ఛార్జిని చేశారు. అన్‌బ్లాక్ చేసి, "అన్నా, ట్యాంకర్ టైమ్ ఏమైనా పంపావా? నాకు రాలేదు" అని అడగాల్సి వచ్చింది. ఆయన ఒక్క నిమిషం ఆగి, "పొద్దున ఆరింటికి" అని మళ్లీ పంపాడు.