ఇంట్లో ఈస్టర్ గుడ్లకు రంగులు – పాఠం 3: వెనిగర్ లెక్క తేలాకే నీలం

ఈసారి నీలం రంగు నేర్పుతానని మాటిచ్చాను, నేర్పుతాను. కానీ ఉల్లిగడ్డ పొట్టు, పసుపు పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక వెనిగర్ లెక్క తేల్చకుండా ముందుకు పోవడం మంచిది కాదనిపించింది. పరకాల నుంచి ఒక చెల్లె పంపిన గుడ్డు సగం ఇటుక రంగులో, సగం తెల్లగా ఉంది. మధ్యలో పెంకు గరుకుగా లేచింది. "అక్కా, తుడవంగనే రంగంతా బట్టకే వచ్చింది" అని రాసింది. ఇంకా చాలామందిది ఇదే గోస. పిల్లలు ఆశగా చూస్తుంటే అట్లయితే ఎంత ఉసూరుమంటుందో నాకు తెలుసు.

అందరినీ ఒకటే అడిగాను: రంగు నీళ్లలో వెనిగర్ ఎంత పోశారు? దాదాపు అందరూ చెప్పింది ఒకటే. ఎక్కువ పోస్తే రంగు గట్టిగా పడుతుందనుకున్నారట. కొందరైతే రంగు నీళ్లెన్నో వెనిగరూ అన్ని పోశారు.

గుడ్డు పెంకులో తొంభై శాతానికి పైగా ఉండేది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అది కరుగుతుంది. ఒక గుడ్డును ఉత్త వెనిగర్‌లో వేసి చూడండి. వెంటనే పెంకు నిండా సన్నటి బుడగలు లేస్తాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. ఒకటి రెండు రోజులు అట్లనే వదిలేస్తే పెంకు మొత్తం పోయి, లోపలి పొరతో మెత్తటి గుడ్డు చేతికొస్తుంది. మీ రంగు గిన్నెలో జరిగింది దీని మొదటి మెట్టే. పెంకు మీద కంటికి కనిపించని సన్నటి మాంసకృత్తుల పొర ఒకటి ఉంటుంది. కొద్దిపాటి పులుపు తగిలితే ఆ పొర రంగును పట్టుకుంటుంది. పులుపు మితిమీరితే ఆ పొరా పోతుంది, కింద పెంకు కూడా పొడిపొడిగా లేస్తుంది. మీ రంగు ఆ పొడి మీద కూర్చుంది. తుడిస్తే పొడితో పాటే పోయింది.

అందుకే కొలత మళ్లీ రాస్తున్నాను, గోడ మీద రాసిపెట్టుకోండి. వడకట్టిన రంగు నీళ్లు ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్లు. దానికి వెనిగర్ ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు. అంతే. కిరాణా కొట్లో దొరికే మామూలు తెల్ల వెనిగర్ చాలు. ఘాటైన అసిటిక్ యాసిడ్ సీసాలు ఇంట్లోకి తేవద్దు, చేతులు కాలుతాయి.

వెనిగర్ బదులు చింతపులుసు పోసినవాళ్లు కూడా ఉన్నారు. పచ్చిపులుసు లేనిదే నాకు ముద్ద దిగదు, అయినా ఇక్కడ మాత్రం వద్దంటాను. చింతపండు తన గోధుమరంగు తాను తెస్తుంది, పసుపును మురికి చేస్తుంది, గుజ్జు అంటుకున్న చోట మచ్చ మిగులుతుంది. నిమ్మరసం పనిచేస్తుంది కానీ ఒక్కో కాయ పులుపు ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి నేను వాడను.

తెల్ల మచ్చలు పడినవాళ్లు పోపు పెట్టిన చేతులతో గుడ్లు పట్టుకుని ఉంటారు. నూనె ఉన్న చోట రంగు ఎక్కదు. పసుపు గుడ్డు మీద ఎర్ర చుక్కలు వస్తే అది సబ్బు చేయి. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎందుకు ఎర్రబడుతుందో ఇదీ అందుకే: క్షారం తగిలితే పసుపు ఎరుపుకు తిరుగుతుంది. గుడ్డును రంగులోంచి చెంచాతో తీసి జల్లెడలో పెట్టండి. పూర్తిగా ఆరేదాకా తుడవద్దు, వేలు పెట్టి చూడవద్దు.

బీట్‌రూట్ గురించి అడిగారు. గిన్నెలో ఎంతో ముద్దుగా ఉంటుంది, గుడ్డు మీద చాలాసార్లు గోధుమరంగుకు తిరుగుతుంది. నేను నేర్పను. ఎరుపు కావాలంటే ఉల్లిగడ్డ పొట్టే మేలు. గ్రీసు దేశంలో ఈస్టర్‌కు ముందటి గురువారం ఎర్రగుడ్లు చేస్తారు, అక్కడా చాలా ఇళ్లల్లో ఈ పొట్టే వాడతారు. కుమార్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల బస్తా అడుగున ఉండే పొట్టు అడిగితే ఊరికే ఇస్తారు.

ఇక నీలం. ఊదా రంగు క్యాబేజీ మధ్యరకంది సగం తీసుకుని సన్నగా తరిగి, లీటరు నీళ్లలో సన్న మంట మీద అరగంట మరిగించండి. చల్లారాక వడకట్టి, గ్లాసుకు పెద్ద చెంచా చొప్పున వెనిగర్ కలపండి. గిన్నెలోని ఊదా రంగు ఒక్కసారిగా గులాబీకి మారుతుంది. చెడిపోయిందని పారబోయొద్దు! ఆ గులాబీ నీళ్లలో ముంచిన తెల్ల గుడ్డే నీలంగా బయటికి వస్తుంది. ఈ క్యాబేజీ రంగు పులుపులో గులాబీగా, పులుపు విరిగితే నీలంగా ఉంటుంది. పెంకు తనను తాకిన పులుపును విరిచేస్తుంది కాబట్టి పెంకు మీద నీలమే నిలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పిల్లల కళ్లు చూడండి, అందుకోసమైనా ఇది చేయాలి.

అరగంట ముంచితే లేత నీలం. ముదురు కావాలంటే రాత్రంతా, అదీ ఫ్రిజ్‌లోనే. గుడ్డు ముందే ఉడికి చల్లారి ఉండాలి. ఉడకబెట్టడం అందరికీ వచ్చిందే, అది నేను చెప్పను. ఫారం గుడ్డే వాడండి. నాటుకోడి గుడ్డు పెంకు గోధుమరంగు కదా, దాని మీద నీలం మసకబారుతుంది. ఆకుపచ్చ కావాలంటే ముందు పసుపులో ముంచి, బాగా ఆరనిచ్చి, తర్వాత ఈ నీళ్లలో కొద్దిసేపు ఉంచండి.

ఏప్రిల్లో మన ఓరుగల్లు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 32 దాటిన వేడిలో ఉడికిన గుడ్డు గంటకు మించి బయట ఉంటే తినకూడదు. ఫ్రిజ్‌లో పెడితే వారం. ఫాతిమానగర్ చర్చిలో ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు పంచేవాళ్లు గుడ్లను ఐస్ డబ్బాలో తీసుకుపోండి.

అభ్యాసం ఈసారి కష్టమైందే ఇస్తున్నాను. హోలీకి తెచ్చి ఎండబెట్టిన మోదుగుపూలు మిగిలుంటే బయటికి తీయండి. లేకుంటే పాకాల, ములుగు దిక్కు పోయేవాళ్లతో తెప్పించుకోండి. మూడు గుడ్లకు రెండు వైపులా సూదితో బొక్క చేసి, సొన ఊదేసి, పెంకులు కడిగి ఆరబెట్టండి. ఇవి తినేవి కావు, చూసుకునేవి. పూలు మరిగించి వడకట్టిన నీళ్లు మూడు గ్లాసులు పెట్టండి. ఒకటి ఉత్తగా, ఒకదాంట్లో వెనిగర్ పెద్ద చెంచా, ఇంకోదాంట్లో తమలపాకు సున్నం శనగగింజంత. ఖాళీ పెంకు తేలుతుంది, కాబట్టి లోపల రంగు నీళ్లు నింపి ముంచండి. గంటకు ఒకసారి తీసి చూసి, ఏ గ్లాసులో ఏ రంగు వచ్చిందో కాగితం మీద రాయండి. ఏం వస్తుందో నేను ముందే చెప్పను. మూడు పెంకులూ పక్కపక్కన పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీసి పంపండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే రంగు తెలియదు.

నాలుగో పాఠం మైనంతో గీతలు. తెల్ల కొవ్వొత్తి ఒకటి, ఫారం గుడ్లు అరడజను తెచ్చి పెట్టుకోండి.