ఉప్పు వండుదాం - 3వ పాఠం: ఎక్కడ ఆపాలి?

గత పాఠంలో 10 లీటర్ల సముద్రపు నీటిని తేర్చి, మడతలు పెట్టిన బట్టలో వడగట్టి ఉంచుకున్నాం. ఇవాళ పొయ్యి మీదికి ఎక్కిద్దాం.

వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకోండి. అల్యూమినియం వద్దు, ఉప్పునీరు దాన్ని తినేస్తుంది. ముందుగా మామూలు నీళ్లు కొలిచి పోస్తూ, 2 లీటర్లు, 1 లీటరు, 400 మిల్లీలీటర్లు ఎంత ఎత్తుకు వస్తాయో ఒక పుల్ల మీద గాట్లు పెట్టుకోండి. ఈ పాఠానికి ఆ పుల్లే ప్రాణం. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటే, అందులో మనం కూరలో వేసుకునే ఉప్పు సుమారు 27 గ్రాములే. మిగతావాటిని దాని నుంచి తప్పించడమే పనితనం.

నీరు ఇగరడానికి గంటలు పడుతుంది. ఈలోగా ఒక్క సంగతి గుర్తుచేసుకుందాం. మీరిప్పుడు చేస్తున్న పని బ్రిటిష్ పాలనలో నేరం. 1882 నాటి ఉప్పు చట్టం ప్రకారం అనుమతి లేనిదే ఎవరూ ఉప్పు చేయకూడదు. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండి తీరంలో ఉప్పుమట్టిని పిడికిట పట్టారు. మన తీరంలో టంగుటూరి ప్రకాశం దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిపారు. కుండ, కట్టెలు, సముద్రం ఉంటే చాలు, ఎవరైనా చేయగలరు. అంత సులువైన పని కాబట్టే దానికి అంత కాపలా పెట్టారని నా నమ్మకం.

నీరు 2 లీటర్లకు దిగేసరికి అడుగున తెల్లటి మడ్డి చేరుతుంది. వేళ్లతో నలిపితే ముగ్గుపిండిలా ఉంటుంది. అది జిప్సం. లీటరుకు కాస్త పైన ఉండగానే మళ్లీ వడగట్టండి.

ఇక మంట బాగా తగ్గించి, నీటి పైభాగాన్నే చూస్తూ ఉండండి. ఆవగింజలంత చదరపు పలుకులు తేలతాయి. అంచులు పెరిగి, బరువెక్కి, ఒక్కొక్కటే మునుగుతాయి. అదే ఉప్పు. మొదటిసారి చూసినప్పుడు నేను గరిటె పక్కన పెట్టేసి అలాగే కూర్చుండిపోయాను.

400 గాటు దగ్గర పొయ్యి ఆపేయండి. ఆశపడి చివరి చుక్క దాకా ఇగిరిస్తే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, వానాకాలంలో నీరుకారుతుంది. పలుకులను గుడ్డలో వేసి చేదునీరు కారనివ్వండి. సుమారు 200 గ్రాములు చేతికొస్తుంది. ఇది నేర్చుకోవడానికే, రోజూ తినడానికి అయోడిన్ ఉప్పే వాడండి.

కారిన చేదునీటిని పారబోయకండి. చిటికెడు ఉప్పును అందులో ముంచి ఆరబెట్టండి. పక్కన మామూలు చిటికెడు ఉంచండి. రాత్రంతా వదిలేసి, ఉదయం ఏది చెమ్మగిల్లిందో రాసిపెట్టుకోండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.